రెండు పూటలా, భోజనం తర్వాత

ఎలియాజరు మాస్టారి ఒంట్లో ఎవరి మాటా వినని భాగాలు రెండు. ఒకటి చేతివేళ్ళు, రెండోది బుర్ర. వేళ్ళు మొండికెయ్యడం రెండేళ్ళ కిందట, హెడ్మాస్టరుగా రిటైరైన ఏడాదే మొదలైంది. బుర్ర మాత్రం పుట్టినప్పటినుంచీ అంతే.

పొద్దున్న లేచేసరికి వేళ్ళ కణుపులు వాచి, బిగుసుకుపోయి, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి కూడా పనికొచ్చేవి కావు. బొత్తాలు భార్య కృపావతి పెట్టేది. గంటా గంటన్నర గడిస్తే గాని ఆయన చెయ్యి ఆయన చెప్పినట్టు ముడుచుకునేది కాదు. ముప్పై అయిదేళ్ళు సుద్దముక్క పట్టుకున్న పాపమని ఆయన కొన్నాళ్ళు సరిపెట్టుకున్నారు. నూనెలు పూసుకున్నారు, పట్లు వేయించుకున్నారు, అనకాపల్లిలో అడిగినవాళ్ళనీ అడగనివాళ్ళనీ సలహాలడిగారు. చివరికి కృపావతి పోరు పడలేక విశాఖపట్నం వెళ్ళి ఒక కీళ్ళ డాక్టరమ్మకి చూపించుకున్నారు.

"ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అండి. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే పొరపాటున సొంత కీళ్ళ మీద పడి కొడుతుంటాయి" అని ఆవిడ వివరించింది.

"అర్థమైందమ్మా, మా చర్చి సంఘ కమిటీ లాగన్నమాట" అన్నారు మాస్టారు.

డాక్టరమ్మ మూడు రకాల మాత్రలు రాసి, స్కూలు పిల్లలకి చెప్పినట్టు ఒక్కొక్కటీ చూపించి చెప్పింది. అసలు జబ్బుని అదుపులో పెట్టేది వారానికి ఒక్కటే మాత్ర, ఆ మందు పనిచెయ్యడానికి నెలలు పడుతుంది. ఈలోగా వాపూ నొప్పీ తగ్గడానికి రెండో మాత్ర, రెండు పూటలా, భోజనం తర్వాత. ఖాళీ కడుపున వేసుకుంటే ఇదే కడుపులో పుండు చేస్తుంది. అలా చెయ్యకుండా కడుపుకి కాపలాగా మూడో మాత్ర, పొద్దున్నే, భోజనానికి అరగంట ముందు.

వారం మాత్రకి మాస్టారు ఆదివారం నిర్ణయించుకున్నారు. మిగతావి కృపావతి చేతిలో పెట్టేది, ఆయన మింగేవారు. రెండు నెలలు తిరిగేసరికి బొత్తాలు ఆయనే పెట్టుకోసాగారు. ఇదంతా తన విశ్వాసం వల్లనే అని నలుగురికీ చెప్పడం కూడా మొదలెట్టారు. ఇలా సుఖంగా సాగుతున్న కాపురంలోకి 2006 మార్చిలో శ్రమకాలం వచ్చింది.

వాళ్ళ సంఘంలో శ్రమకాలమంటే ఆషామాషీ కాదు. భస్మ బుధవారం మొదలు ఈస్టరు ముందు శనివారం దాకా, ఆదివారాలు తీసేసి నలభై రోజులు, సాయంత్రం ఆరింటికి చర్చి గంట మోగేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. ఇది ఎక్కడైనా ఉన్నదే. ఎక్కడా లేనిది ఈస్టరు ఉదయం పట్టీ చదవడం. నలభై రోజులూ తప్పకుండా నిలబడ్డవాళ్ళు పేరిస్తే, ఎన్నేళ్ళు చేశారన్న వరసలో ఆ పేర్లు పాస్టరు అయ్యగారు అందరి ముందూ చదువుతారు. ఒక్క పూట తప్పిందా, ఆ పేరు మళ్ళీ ఒకటో ఏడు నుంచి మొదలవ్వాల్సిందే. మొదటి పేరు ఎలియాజరు మాస్టారిది. ముప్పై ఒక్క ఏళ్ళు. రెండో పేరు బీమా ఏజెంటు జెఫ్రీది. ఇరవై నాలుగేళ్ళు. జెఫ్రీకి మాస్టారు వరసకి బావ. బావంటే అతనికి అభిమానమే. ఆ పేరు తన పేరుకంటే ముందు చదవడమొక్కటే గిట్టదు.

మాస్టారు ఈ మాత్రలతోనే ఉపవాసం చెయ్యబోతున్న సంగతి మందుల షాపు త్రినాధరావుకి తెలిసింది, ఎందుకంటే ఆయన నలభై రోజులకీ సరిపడా మాత్రలు ఒకేసారి కొనడానికి వెళ్ళారు.

"మేస్టారూ, ఇది ఉత్తి కడుపున ఏసుకోకూడదండి. కడుపు తూట్లడిపోద్ది" అన్నాడు త్రినాధరావు. "మాకూ శనోరం ఉపాసమేనండి. అన్నం ముట్టం. అందుకే పొద్దున్న ఉప్మా, మజ్జానం పెసరట్లు, రాత్రికి పూరీ. ఎంకన్నబాబు ఇంతవరకూ ఏటీ అనలేదు."

"దాన్ని ఉపవాసమనరయ్యా, హోటలంటారు" అని మాస్టారు మాత్రలు జేబులో వేసుకుని వచ్చేశారు.

కృపావతి వాదించే మనిషి కాదు. ఆవిడ తిన్నగా వెళ్ళి అయ్యగారికి చెప్పింది. అయ్యగారు అరుణ్ కుమార్ కుర్రవాడు, పాస్టరు చదువు చెప్పే సెమినరీ నుంచి వచ్చి ఏడాదైనా కాలేదు, మనుషులకి మంచి మాట చెప్తే వింటారని ఇంకా నమ్ముతున్నాడు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, "మాస్టారూ, మీరు మందు కోసం తినండి. దేవుడేమీ అనుకోడు" అన్నాడు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. దేవుడేమీ అనుకోకపోతే ముప్పై ఒక్క ఏళ్ళు కడుపు మాడ్చుకున్నది దేనికి? ఆయన మొహం చూసి అయ్యగారు భయపడి, తన మాట కంటే పదిమంది మాటయితే పెద్దాయన వింటాడని కమిటీని పిలిచాడు. సెమినరీలో కమిటీల గురించి చెప్పరనుకుంటా.

కమిటీ రెండు గంటలు కూర్చుంది. మాత్ర ఆహారం కాదని మొదటి పది నిమిషాల్లోనే తేలిపోయింది. మాత్ర కోసం తినే ఇడ్లీ ఆహారమా, మందా అన్నది తేలలేదు. ఒకరు మందే అన్నారు. ఇంకొకరు ఇడ్లీ అని పేరున్నది ఏదైనా ఇడ్లీయే అన్నారు. అప్పుడు జెఫ్రీ లేచి, ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టాడు.

"బావ ఆరోగ్యం కంటే నాకేటీ ఎక్కువ కాదు. కానీ ఈయేడు మాత్రకి ఇడ్లీ అంటారు. వచ్చే ఏడు ఇడ్లీకి చట్నీ అంటారు. ఆ పై ఏడు ఇంకెవరో వచ్చి నాకూ ఏదో మాత్ర ఉందంటారు. పట్టీకి విలువేటుంటది?"

చివరికి ఒక తీర్మానం రాశారు. జబ్బుగా ఉన్న సభ్యులు చట్నీ లేకుండా ఒకే ఒక ఇడ్లీ, మందుగా భావించి, ఇతరుల విశ్వాసానికి ఆటంకం కలగకుండా తలుపు వేసుకుని తినవచ్చును. అయితే ఆ సంవత్సరం వారి పేరు పట్టీలో చదవబడదు. అందరూ సంతకాలు పెట్టారు. మాస్టారు కూడా కమిటీ సభ్యులే కాబట్టి, వేళ్ళు బాగా పనిచేస్తున్నాయని చూపించడానికి అందరికంటే పెద్దగా సంతకం పెట్టి, ఆ ఇడ్లీ నాకక్కర్లేదని చెప్పి వచ్చేశారు.

మాత్రలు మానేద్దామంటే వేళ్ళు ఒప్పుకోవు. చర్చిలో రాత్రిపూట ధ్యానాలకి బైబిలు పేజీ తిప్పాలి, పెద్దరికంగా నలుగురితోనూ చెయ్యి కలపాలి. అందుకని మాస్టారు పడక్కుర్చీలో కూర్చుని, ఎనిమిదో తరగతి లెక్క చేసినట్టు దీన్ని సాధించారు. డాక్టరమ్మ భోజనం తర్వాత అంది గాని ఏ భోజనం తర్వాతో చెప్పలేదు. రాత్రి ఏడింటికి తిన్నది భోజనమే. మర్నాడు పొద్దున్న ఎనిమిది దాని తర్వాతే వస్తుంది. కాబట్టి పొద్దున్న మాత్ర వేసుకోవచ్చు. ఇక మూడో మాత్ర భోజనానికి ముందు వేసుకోవాల్సింది. పొద్దున్న భోజనమే లేనప్పుడు దానికి ముందంటూ ఏమీ ఉండదు. కాబట్టి అది మానెయ్యొచ్చు. ఎంతోమంది పిల్లల్ని తప్పు లెక్కకి బెంచీ ఎక్కించిన మనిషి, ఈ లెక్క చూసుకుని తనకు తనే శభాష్ అనుకున్నారు.

కృపావతి ఊరికే కూర్చోలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడ ఇచ్చిన గ్లాసుకేసి మాస్టారు అనుమానంగా చూశారు.

"ఈ నీళ్ళేటి, ఇంత తెల్లగున్నాయి?"

"మున్సిపాలిటీ నీళ్ళండీ. ఏదో మందు కలిపేరట."

ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "మున్సిపాలిటీ వాళ్ళు ఉప్పేసి గంజి వదుల్తున్నారేటి కుళాయిలో?" అని గ్లాసు పక్కన పెట్టేశారు. ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది. ఆ తర్వాత నీళ్ళు ఆయనే ముంచుకుని తాగేవారు.

రెండో వారానికి నొప్పులు ఎక్కువయ్యాయి. రెండు మాత్రలు చాలక మధ్యాహ్నం ఇంకొకటి చేర్చారు. అది కూడా నిన్న రాత్రి భోజనం తర్వాతదే. మూడో వారానికి కడుపులో మంట పుట్టింది. ఉపవాసం ఒంటికి పడుతోందంటే ఇదే అనుకున్నారు. నాలుగో వారానికి విరేచనం తారులా నల్లగా కావడం మొదలైంది. దానికీ ఆయన దగ్గర జవాబుంది. ఆరింటి గంట మోగగానే ఆయన బెల్లం ముక్క నోట్లో వేసుకుని ఉపవాసం విడుస్తారు. ఈ ఏడు మార్కెట్టు నుంచి వచ్చిన బెల్లం మరీ నల్లగా ఉంది. అనకాపల్లివాడికి బెల్లం మీద నేరం మోపడానికి మనసొప్పదు గాని, ప్రాణం మీదకొచ్చినప్పుడు ఏదో ఒకదాని మీద నెట్టాలి కదా. కృపావతికి మాత్రం చెప్పలేదు. చెప్తే ఆవిడ బెల్లాన్ని నమ్మదని ఆయనకి తెలుసు.

చర్చి మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వచ్చేది. నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మేవి. మొహం పాలిపోయి, పెదాలు కూడా తెల్లబడ్డాయి. సంఘంలో దాన్ని వేరేగా అర్థం చేసుకున్నారు. "మేస్టారి మొహం సూడండి, ఎలా ఎలిగిపోతందో. దేవుడి కళ" అని ఆడవాళ్ళు చెప్పుకున్నారు. ఆ మాట విని జెఫ్రీ ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాడు. ఎప్పటిలాగే నల్లగా, ఆరోగ్యంగా ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళు చేసినా తనకి రాని కళ బావకి ఎలా వచ్చిందో అతనికి అర్థం కాలేదు. ఒంట్లో రక్తం కారిపోతే ఎవరికైనా వస్తుందని చెప్పేవాడు అక్కడ ఎవడూ లేకపోయాడు.

ముప్పై నాలుగో రోజు శనివారం. మర్నాడు మట్టలాదివారం కాబట్టి మధ్యాహ్నం చర్చి వరండాలో మాస్టారూ జెఫ్రీ కొబ్బరి మట్టలు గుమ్మాలకి కడుతున్నారు. మాస్టారు తాడు ముడి వెయ్యబోయి, ఆ ముడికేసి వింతగా చూసి, మట్టతో సహా జెఫ్రీ మీద ఒరిగిపోయారు. తర్వాత జెఫ్రీ చొక్కా మీద కక్కుకున్నది కాఫీ పొడి కలిపినట్టు నల్లగా ఉంది. అది బెల్లం కాదని జెఫ్రీకి కూడా తెలిసిపోయింది.

జెఫ్రీ తన పాత వ్యాను తీశాడు. కృపావతి కట్టుకున్న చీరతోనే ఎక్కింది. దారిలో త్రినాధరావు షాపు షట్టరు సగం దించి, మాస్టారు ఏయే మాత్రలు వాడుతున్నారో తనకే తెలుసంటూ ముందు సీట్లో కూర్చున్నాడు. వ్యాను ఎక్కడా ఆగకుండా విశాఖపట్నం చేరింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మాస్టారి కళ్ళకింద రెప్ప లాగి చూశాడు. సెలైన్ పెట్టించాడు. త్రినాధరావు చెప్పిన పేర్లు రాసుకున్నాడు.

"ఈ వాపు మాత్ర భోజనం చేశాకే వేసుకునేవారా?"

"భోజనం చేసేకే" అన్నారు మాస్టారు నీరసంగా. "ముందురోజు రాత్రి భోజనం."

"కడుపుకి ఇచ్చిన మాత్ర?"

"అది భోజనానికి ముందన్నారండి. పగలు భోజనం లేదు కదా."

డాక్టరు కలం ఆపి ఆయనకేసి చూశాడు. "మీరేం చేసేవారు?"

"హెడ్మాస్టరు."

డాక్టరు అది కూడా రాసుకున్నాడు. కడుపులో పుండుపడి రక్తం పోతోందనీ, గొట్టం వేసి చూడాలనీ, అందాకా నోటితో చుక్క నీళ్ళు కూడా ఇవ్వకూడదనీ చెప్పాడు. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదన్నాడు. ఒక సీసా వెంటనే ఎక్కిస్తున్నాం, ఇంకో మూడు కావాలి, బదులుగా రక్తం ఇచ్చే మనుషుల్ని చూసుకోండి అని వెళ్ళిపోయాడు. మంచం మీద మాస్టారికి మొదటిసారి భయమేసింది. ఇన్నాళ్ళూ పట్టీలో పేరు పోతుందేమో అన్న భయమే తప్ప, ఆ పేరున్న మనిషే పోతాడన్న ఆలోచన ఆయనకి రానేలేదు.

నర్సు కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికే వచ్చింది. ముందు త్రినాధరావుని అడిగింది. "ఏమైనా తిన్నారా?"

"ఈరోజు నాకు ఉపాసమమ్మా" అన్నాడు త్రినాధరావు. నర్సు కాగితం దించేలోగా, "రెండు పెసరట్లు తిన్నాను. ఉప్మా పెసరట్లు" అన్నాడు. నర్సు అతన్ని రక్తం ఇవ్వడానికి లోపలికి పంపించింది.

"మీరండి?"

"నాది అసలైన ఉపవాసం" అన్నాడు జెఫ్రీ.

"ఖాళీ కడుపుతో రక్తం తీసుకోం. కాంటీన్‌లో ఏదైనా తినేసి రండి."

జెఫ్రీ గోడ గడియారం చూశాడు. అయిదుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. "ఆరింటి దాకా ఆగొచ్చేటమ్మా?"

"నాకేమండి, ఎంతసేపైనా ఆగుతాను. ఆయన ఆగగలరేమో అడగండి."

జెఫ్రీ మంచం కేసి చూశాడు. మాస్టారు జెఫ్రీ కేసి చూశారు. చెప్పకూడదు గాని, ఆ స్థితిలో కూడా మాస్టారి బుర్ర లెక్క కట్టింది. జెఫ్రీ తింటే జెఫ్రీ పేరు కూడా పోతుంది. ఆ లెక్కకి ఎక్కడో చిన్న సంతోషం కలిగింది. కలిగిందని తెలియగానే సిగ్గేసింది. పోనీ ఆగుతానులే అందామని నోరు తెరిచేసరికి అక్కడ జెఫ్రీ లేడు.

అరగంట తర్వాత మోచేతి మడతలో దూది పెట్టుకుని వచ్చాడు. నల్లటి మరకల పక్కన చొక్కా మీద ఇంకో మరక పచ్చగా కనిపిస్తోంది.

"చట్నీ కూడా ఏసుకున్నావేటి?" అన్నారు మాస్టారు.

"ఏసుకున్నాను బావా. ఉత్త ఇడ్లీ గొంతు దిగదు. ఆ తీర్మానం రాసిన ఎదవెవడో గాని."

ఇంకొక మనిషి కావాలి. నర్సు కృపావతి వైపు తిరిగింది. "మీరు ఇవ్వగలరేమో చూద్దామమ్మా" అని వేలు గుచ్చి చుక్క తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు మొహం మారిపోయింది.

"మీ దగ్గర తీసుకోవడం కాదమ్మా, మీకే ఎక్కించాలి. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నరే ఉంది. పొద్దున్న ఏం తిన్నారు?"

"ఏటీ తినలేదు."

"నిన్న?"

"రాత్రి తిన్నాను. ఇవి శ్రమదినాలు కదమ్మా."

మాస్టారు తల ఎత్తబోయారు, ఎత్తలేకపోయారు. "నువ్వు ఉపవాసం చేస్తన్నావేటి? ఎప్పటినుంచి?"

"పెళ్ళైన ఏడు నుంచి. మీరు ముందుగదిలో కడుపు మాడ్చుకుని కూర్చుంటే నేనొక్కద్దాన్నీ వంటింట్లో ఎలా తింటానండీ."

"మరి పేరివ్వలేదేం?"

కృపావతికి ఎప్పుడూ రాని కోపం వచ్చింది. గొంతు మాత్రం పెరగలేదు. "పేరు కోసం మీరు చేసేరు. మీకోసం నేను చేసేను. తిన్నావా అని ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క రోజు అడగలేదు మీరు. ఈ పిల్ల ఇప్పుడొచ్చి అడిగింది."

జెఫ్రీ నెమ్మదిగా వేళ్ళు మడిచి, "అయితే ఇన్నాళ్ళూ నేను మూడోవాడినన్నమాట" అన్నాడు. అని, తన మాట తనకే చేదుగా తోచిందేమో, గబగబా కాంటీన్‌కెళ్ళి ఉప్మా పొట్లం కట్టించుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. మూడో సీసాకి ఊరినుంచి అయ్యగారిని రప్పిస్తానని, తినేసే రమ్మని చెప్తానని, ఫోను వెతుక్కుంటూ వెళ్ళాడు.

కృపావతి మంచం పక్క స్టూలు మీద పొట్లం పట్టుకుని కూర్చుంది. ఆరింటి గంటకి ఇంకా టైముంది. విప్పాలా వద్దా అని ఆయనకేసి చూసింది.

"తిను" అన్నారు మాస్టారు.

ఆయన నోరు ఎండిపోయి ఉంది. చుక్క నీళ్ళకి కూడా వీల్లేదు. అయినా ఆ క్షణాన ఆయనకి దాహం గుర్తులేదు. ఆవిడ పొట్లం విప్పి, చిన్న ముద్ద తీసుకుని, తల వంచుకుని నోట్లో పెట్టుకుంది. ఈవిడ ముద్ద ఎంత పెడుతుందో, ఏ బుగ్గన నములుతుందో ఆయనకి తెలియదు. ఆయన తిని చెయ్యి కడుక్కుని లేచిపోయాక ఆవిడ తినేది. శ్రమదినాల సంగతి సరే, మామూలు రోజుల్లో కూడా భార్య తింటుంటే ఆయన ఎప్పుడూ చూసింది లేదు. ఆయనకి ఏడుపొచ్చింది. ఏడ్చారు కూడా.

"అటు తిరగండి" అంది కృపావతి. "ఎవరైనా సూత్తూ ఉంటే నాకు ముద్ద దిగదు."

ఆయన తిరగలేదు.